ఆగిన గోడల మీద రాజుగారి బొమ్మ

నా పుస్తకాలన్నిటికీ అట్ట మీద నా బొమ్మే వేయించుకుంటాను. ఇది గొప్పలకు పోవడమని కొందరంటారు. కాదు, పాఠకుడి మేలు కోరి చేసే పని. పుస్తకం తెరవకముందే లోపల ఎలాంటి మనిషి కూర్చున్నాడో తెలిసిపోతే, కొనాలో వద్దో అతనికి అక్కడికక్కడే తేలిపోతుంది. ఈమధ్య చాలామందికి తేలిపోతోంది కూడా.

నాకు కథ చెప్పడం నేర్పిన గురువు లేడు. బడిలో కూర్చున్న రోజులకన్నా బడి గోడ దూకిన రోజులే ఎక్కువ. అందుచేత నా కథలో తప్పులు కనిపిస్తే అవి అచ్చంగా నా సొంతం, ఎవరి దగ్గరా అరువు తెచ్చుకున్నవి కావు.

ఇక కథ. పెద్దవాళ్ళు 'ఒకానొక రాజ్యంలో' అని మొదలుపెట్టి, ఆ రాజ్యం పేరు చెప్పకుండా తప్పుకుంటారు. నేను చెప్పేస్తాను. పొగడపురం. ఎక్కడుందని మాత్రం వెతక్కండి. నేనూ వెతికాను, దొరకలేదు.

సరే, ఒకానొక రాజ్యంలో, అంటే ఆ పొగడపురంలో, ఉద్దండరాయలనే రాజు ఉండేవాడు. చెడ్డవాడు కాదు. పన్నులు మితంగానే వేసేవాడు. యుద్ధాలు బద్ధకం కొద్దీ మానేశాడు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే. సూర్యుడు కూడా తన సెలవు తీసుకునే ఉదయిస్తున్నాడని వినడం ఆయనకు సరదా. ఆ మాట చెప్పడానికి కొలువులో ఒక ఉద్యోగి ఉండేవాడు. రోజూ పొద్దున్నే వచ్చి, "ఏలినవారి ఆజ్ఞ ప్రకారం తెల్లవారింది" అని చెప్పి వెళ్ళేవాడు. మబ్బు పట్టిన రోజున పాపం అతని అవస్థ చూడాలి.

ఒకనాడు రాజుగారు మేడ మీదికెక్కి నగరాన్ని చూశారు. చూసి ఉలిక్కిపడ్డారు. నిన్న లేని గోడ ఒకటి ఇవాళ ఉంది. అవతల వీధిలో ఎవరో పెంకులు కప్పుతున్నారు. ఇంకో పేటలో ఎవరో దూలం ఎత్తుతూ, పదండి పదండి అని అరుస్తున్నారు.

"ఇదేమిటి? ఊరు పెరుగుతోంది!" అన్నారు రాజుగారు.

"చిత్తం," అన్నారు మంత్రులు.

"ఎవరినడిగి?"

మంత్రులు ఒకరి వెనక ఒకరు నక్కారు. అప్పుడు ముందుకొచ్చాడు కపర్ది సోమయాజులు, ఆస్థాన విద్వాంసుడు. ఆయన దగ్గర ఏ ప్రశ్నకూ జవాబు ఉండేది కాదు గాని, ప్రతి ప్రశ్న మీదా ఒక పరిశీలన ఉండేది.

"మహాప్రభూ! మనిషికి స్వభావం ఉన్నట్టే పేటకూ స్వభావం ఉంటుంది. కంసాలి పేట స్వభావం వేరు, కుమ్మరి పేట స్వభావం వేరు. అది తేల్చకుండా ఇళ్ళు కట్టనివ్వడం నాడి చూడకుండా మందు పొయ్యడమే. తమరు సెలవిస్తే పేటపేటా తిరిగి పరిశీలిస్తాను. అంతవరకు తాత్కాలికంగా..."

"ఆపేస్తున్నాం!" అన్నారు రాజుగారు. ఆపడమంటే ఆయనకు మహా ఇష్టం. ఏదైనా చెయ్యాలంటే నానా శ్రమ. ఆపాలంటే చెయ్యి ఎత్తితే చాలు.

మధ్యాహ్నానికల్లా దండోరా మోగింది. పరిశీలన ముగిసేదాకా ఇటుక మీద ఇటుక పెట్టరాదు, వాసం మీద ఆకు వెయ్యరాదు, కట్టడం అన్నదాని మీద ఏదీ కప్పరాదు.

"తాత్కాలికమంటే ఎంతకాలమయ్యా?" అని జనం దండోరావాణ్ణి అడిగారు.

"పరిశీలన అయ్యేదాకా."

"అది ఎప్పుడవుతుంది?"

"అయినప్పుడు మళ్ళీ వచ్చి కొడతాగా!" అని డప్పు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పరిశీలన మొదలైంది. సోమయాజులుగారు పల్లకీలో బయలుదేరి ఒక వీధిలో దిగేవారు. ఎవరో ఒకరి అరుగు మీద కూర్చుని కళ్ళు మూసుకుని గాలి పీల్చేవారు. తరవాత, "పేట స్వభావం రుచిలో తెలుస్తుంది" అనేవారు. ఆ ఇంటివాళ్ళు విస్తరి వేసేవారు. మెత్తని వంకాయకూర తిన్న రోజున ఆ పేట స్వభావం సౌమ్యం. మర్నాడు అదే ఇంట్లో మిరియాల చారు పోస్తే, "స్వభావం మారింది, మొదటినుంచీ చూడాలి" అనేవారు. కంసాలి పేటలో కొత్త ఆవకాయ జాడీలు తెరిచారని తెలిసి, ముగిసిపోయిన పరిశీలన మళ్ళీ మొదలుపెట్టారు.

ఇక ఊరి సంగతి చెప్పాలా? ఎక్కడి పని అక్కడే ఆగిపోయింది. ఒకాయనకు ద్వారబంధం నిలబెట్టడం అయింది గాని గోడలు లేవలేదు. ఆయన మర్యాదస్థుడు. పక్కనుంచి వెళ్ళే వీలున్నా ద్వారంలోంచే లోపలికి వెళ్ళి, వెనక్కి తిరిగి గడియ వేసుకునేవాడు. ఇంకొకాయనకు మెట్లున్నాయి, మేడ లేదు. సాయంత్రం పూట చివరి మెట్టు దాకా ఎక్కి, కాసేపు గాలి పీల్చుకుని దిగివచ్చేవాడు. వీరన్న, సూరన్న అని ఇద్దరన్నదమ్ములు మాటా మాటా అనుకుని ఇంటిమధ్య అడ్డగోడ కట్టుకుంటుండగా ఆజ్ఞ వచ్చింది. గోడ ఛాతీ ఎత్తున ఆగింది. తిట్టుకోవడానికి ఆ ఎత్తు మహా వీలుగా ఉంది. కొన్నాళ్ళకు తిట్లు అయిపోయి, గోడ మీద పలక పరుచుకుని పాచికలాడటం మొదలుపెట్టారు.

ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉన్నాయి. నవ్వులాట కానిది ఒకటుంది. అది ఆదెమ్మ ఇల్లు.

ఆదెమ్మది సాలెవారి వీధి. మొగుడు పోయాక మగ్గం తనే నడుపుకుంటోంది. గుంట మగ్గం. అంటే ఇంట్లో నేల తవ్వి, ఆ గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని నేసేది. వానాకాలం వస్తోందని ఇంటి కప్పు మీది పాత తాటాకు మొత్తం దింపించింది. కొత్త ఆకు తెచ్చి వాకిట్లో పేర్పించింది. మర్నాడు కప్పాల్సి ఉండగా ఆజ్ఞ వచ్చింది. ఇప్పుడు పైన ఒట్టి వాసాలు, కింద మగ్గం, మగ్గం మీద సగం నేసిన పట్టుచీర. ఒక్క గట్టి వాన కురిస్తే గుంట నిండుతుంది. పడుగు దారం కుళ్ళుతుంది. మగ్గం పోతుంది. మగ్గం పోతే ఆదెమ్మకు ఇంకేమీ లేదు.

ఆ పక్కసందులోనే తిప్పన కాపురం. తిప్పనది రాజుగారికి తాంబూలం చుట్టి అందించే ఉద్యోగం. చూడ్డానికి చిన్నదే గాని దానిలో పెద్ద కిటుకుంది. రాజు నోరు ఎప్పుడు ఖాళీగా ఉంటుందో, ఎప్పుడు నిండుగా ఉంటుందో ఊరందరిలోకీ అతనికే తెలుసు. నిండుగా ఉన్నప్పుడే అతను మాట్లాడేవాడు.

"తిప్పన్నా! నైరుతి మబ్బు చూశావా? నువ్వు రోజూ ఆ రాజు ఎదుటే ఉంటావుగా, ఒక్క మాట చెప్పకూడదూ?" అంది ఆదెమ్మ.

"చెబుతాలే చెల్లెమ్మా."

"ఎప్పుడు? నేను గుంటలో చేపలు పెంచుకున్నాకా?"

తిప్పన మర్నాడు మామూలుకన్నా లావుపాటి ఆకుచుట్ట చుట్టి రాజుగారి నోట్లో పెట్టాడు. ఆయన నమలడం మొదలుపెట్టగానే ఆదెమ్మ సంగతంతా చెప్పేశాడు. రాజుగారికి కోపం వచ్చింది గాని నోరు నిండుగా ఉంది. వెండి పడిగ తెప్పించుకుని ఉమ్మి, మీసం తుడుచుకునేసరికి కథ మొత్తం వినాల్సివచ్చింది.

"సోమయాజులూ, సాలెవారి వీధి ఎప్పుడు చూస్తారు?" అన్నారు.

"అన్నిటికన్నా చివర ప్రభూ. అక్కడ మగ్గాల చప్పుడు ఎక్కువ. చప్పుడు ఆగితే గాని పేట స్వభావం వినపడదు."

"వాన పడితే చప్పుడు దానంతటదే ఆగుతుంది లెండి," అన్నాడు తిప్పన.

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. రాజుగారి ముఖం ఎర్రబడింది.

"తిప్పన్నా! మా ఆజ్ఞ రాతి మీద గీత. నువ్వు వేడుకుంటే చెరిగేది కాదు. అంత తెలివైనవాడివైతే ఒక పందెం. ఇక నన్ను ఒక్క మాట అడక్కుండా, నా నోటితో నేనే ఆజ్ఞ సడలించేలా చెయ్యి. తొలకరి వానకల్లా. చెయ్యలేకపోయావా, పరిశీలన ముగిసేదాకా సోమయాజుల పల్లకీ నువ్వే మొయ్యాలి."

తిప్పన సోమయాజులవంక చూశాడు. ఆవకాయ పరిశీలన తరవాత ఆయన బాగా బరువెక్కారు.

"చేస్తే?"

"చేస్తే ఆ పల్లకీ నీది. సోమయాజులు నడుస్తాడు."

సోమయాజులుగారు పకపకా నవ్వారు. కింద పీట కిర్రుమంది.

రెండుమూడు రోజులు గడిచాయి. తరవాత ఒక ఉదయం రాజుగారి నోట్లో ఆకు పెట్టి, సున్నం డబ్బీ మూస్తూ, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు అన్నాడు.

"నిన్న సంతకు వెళ్ళాను ప్రభూ. ఎక్కడ విన్నా సోమయాజులుగారి పేరే. 'ఎంత మొనగాడండీ, చిటికెన వేలితో ఊరంతా ఆపేశాడు' అంటున్నారు. ఆగిన గోడ కనిపిస్తే చాలు, 'అదిగో సోమయాజుల గోడ' అని పిల్లలకు చూపిస్తున్నారు."

రాజుగారికి పొలమారింది. తిప్పన నెత్తిమీద తట్టాడు.

"సోమయాజుల గోడా?" అన్నారు రాజుగారు, దగ్గు తగ్గాక. "ఆపింది నేను! రమ్మను ఆయన్ని!"

సోమయాజులు వచ్చాడు. రాజుగారు సింహాసనం మీదినుంచి లేచి మరీ చెప్పారు. "ఇవాళ్టినుంచి ఆగిపోయిన ప్రతి కట్టడానికీ ముందు మా బొమ్మ ఉండాలి. ఎవరు ఆపారో ప్రతివాడికీ తెలియాలి!"

సోమయాజులు తన తప్పు సర్దుకోవాలన్న తొందరలో దానికి నగిషీలు చెక్కాడు. "చిత్తం! దారినపోయేవాడి చూపు ఇంటి మీద పడకముందే బొమ్మ మీద పడేలా, ఎత్తుగా కట్టాలి ప్రభూ. ఇల్లు పూర్తయ్యేదాకా ఆ బొమ్మను దింపరాదు. దింపినవాడికి దేశబహిష్కారం."

"బాగుంది! దింపినవాడు ఎవరైనా సరే, మేమే అయినా సరే!" అని తొడ చరిచారు రాజుగారు.

కోశాధికారి మెల్లిగా దగ్గి, "ఖర్చు ఎవరిది?" అన్నాడు.

"ఎవరింటి బొమ్మ ఖర్చు వాళ్ళదే."

తిప్పన మాత్రం తమలపాకు ఈనె తీస్తూ కూర్చున్నాడు.

తెలుగువాళ్ళు కట్టుబడిలో ఉన్న ఇంటి ముందు ఏ బొమ్మ కడతారో మీకు నేను చెప్పాలా? చూసేవాడి కన్ను ఇంటి మీద పడకుండా ముందు దాని మీద పడాలని, ఎత్తుగా కడతారు. ఇల్లు పూర్తయ్యేదాకా దింపరు. ఆగిపోయిన ఇళ్ళన్నిటి ముందూ అది అప్పటికే వేళ్ళాడుతోంది. గడ్డి కూరిన ఒళ్ళు, బోర్లించిన కుండ తల, సున్నం కళ్ళు, బొగ్గు మీసాలు, నడుముకు కట్టిన పాత చెప్పు.

దండోరా విని ఆదెమ్మ తల పట్టుకుంది. "రాజుగారి బొమ్మ నేనెక్కణ్ణుంచి తేను తిప్పన్నా? చిత్రకారుణ్ణి పిలవాలంటే మగ్గం అమ్ముకోవాలి. నా దగ్గరున్నదల్లా ఆ దిష్టిబొమ్మ ఒకటే."

"బొమ్మ ఎవరిదో చెప్పారు గాని, దేనితో చెయ్యాలో చెప్పలేదుగా," అన్నాడు తిప్పన. "మీసాలు కిందికున్నాయి. రాజుగారిలా పైకి తిప్పు."

ఆదెమ్మ బొగ్గు తీసుకుని మీసాలు పైకి తిప్పింది. వెనక్కి జరిగి చూసింది. రాజుగారికున్నట్టే ఎర్రగుడ్డ ముక్క తలపాగా చుట్టి, కోడి ఈక గుచ్చింది. మళ్ళీ చూసింది.

"ఓయమ్మో," అంది.

"పోలిక వచ్చేసింది," అన్నాడు తిప్పన.

"మరి ఆ పాత చెప్పు విప్పెయ్యనా?"

"చెప్పు లేకపోతే దిష్టి తగులుతుందని మీ అత్తగారు అనేది కాదూ? ఉండనీ."

సాయంత్రానికి ఆ కబురు వీధి దాటింది. చీకటి పడేలోపల ఊరు దాటేది గాని, నవ్వి నవ్వి మధ్యలో ఆగిపోయింది.

మర్నాడు రాజుగారు తన బొమ్మలు తనే చూసుకోవాలని పట్టపుటేనుగు మీద ఊరేగింపుగా బయలుదేరారు. వెనక పల్లకీలో సోమయాజులు. ఏనుగు పక్కన తాంబూలపు పెట్టె పట్టుకుని తిప్పన.

దూరంనుంచి చూస్తే వీధి పొడుగునా ఎర్ర తలపాగాలే. "ఆహా!" అన్నారు రాజుగారు. "ప్రజలకు మామీద ఇంత ప్రేమ ఉందని మాకే తెలియదు!"

ఏనుగు దగ్గరకొచ్చింది. బొమ్మలు ఎత్తుగా కట్టాలని ఆజ్ఞ కదా. ఏనుగు మీద కూర్చున్న రాజుగారికీ కుండ తలకీ సరిగ్గా ఎదురుబొదురయింది. ముక్కుకు ముక్కు.

కుండకు మెల్లకన్ను ఉంది. నాలుక బయట పెట్టింది. పొట్టలోంచి గడ్డి వస్తోంది.

"ఎవరు వీడు?" అన్నారు రాజుగారు.

"తమరే ప్రభూ," అన్నాడు తిప్పన.

ఇంతలో ఏనుగు ఒక పని చేసింది. ఎర్ర తలపాగా, పైకి తిప్పిన మీసం కనిపిస్తే తొండమెత్తి సలాము చెయ్యాలని దానికి చిన్నప్పటినుంచీ నేర్పారు. అది తొండమెత్తి కుండకు సలాము చేసింది. ముందుకు నడిచింది. ఇంకో ఇల్లు, ఇంకో కుండ, ఇంకో సలాము. సలాము చేసిన ప్రతిసారీ అంబారీ వెనక్కి వాలేది, రాజుగారు తాడు పట్టుకునేవారు. కట్టుబడి ఎక్కువున్న వీధుల్లో రాజుగారు ఉయ్యాలలో ఉన్నట్టే ఉన్నారు.

ఒకచోట ఒక ముసలమ్మ బొమ్మ ముందు నిలబడి, కాస్త ఉప్పు తిప్పి పారేసి, "థూ! థూ! థూ!" అంది.

"ఏమిటది?" అని గర్జించారు రాజుగారు.

"కోపం వద్దు మహాప్రభూ," అన్నాడు తిప్పన. "ఊళ్ళో ప్రతి ఇంటికీ తగలాల్సిన దిష్టి తమరే భరిస్తున్నారు. ప్రజల కోసం ఇంత భరించిన రాజు ఇంకెక్కడా లేడు."

"ఆ చెప్పేమిటి?"

"పాతదే ప్రభూ. ఏలినవారికి కొత్త చెప్పు కట్టేంత పొగరు ఎవరికీ లేదు."

వీరన్న, సూరన్నల ఇంటి దగ్గర అడ్డగోడ మీద రెండు బొమ్మలు వీపు వీపు ఆనించి కూర్చున్నాయి, చెరో వైపుకీ ఒకటి. అన్నదమ్ములిద్దరూ ఏనుగుకు అడ్డంపడ్డారు.

"ధర్మప్రభూ! వాడి రాజు నా రాజుకన్నా లావుగా ఉన్నాడు!"

"నీ రాజుకు మీసం పొడుగు కాదూ?"

రాజుగారు కళ్ళు మూసుకుని, "పోనీ, ఏనుగును పోనీ" అన్నారు. ఏనుగు మాత్రం వెళ్ళేముందు అటొకటి, ఇటొకటి రెండు సలాములు చేసే కదిలింది.

అలా సాలెవారి వీధికి వచ్చేసరికి నైరుతి మూల నల్లబడింది. చల్లగాలి తగిలింది. ఆదెమ్మ ఇంటి ముందు, అన్నిటికన్నా పోలిక కుదిరిన బొమ్మ. కోడి ఈక గాలికి ఊగుతోంది. తలపాగా మీద కాకి కూర్చుని ఉంది.

తిప్పన తాంబూలపు పెట్టె తెరిచి, ఉన్నవాటిలోకెల్లా పెద్ద ఆకుచుట్ట తీసి, రాజుగారికివ్వకుండా తన నోట్లోనే కుక్కుకున్నాడు. పందెం పందెమే. అడిగాడన్న మాట రాకూడదు.

"దింపండి దాన్ని!" అని అరిచారు రాజుగారు.

ఒక భటుడు నిచ్చెన తెచ్చాడు. పల్లకీలోంచి సోమయాజులు తల బయటపెట్టి, "ఆగు! దింపినవాడికి దేశబహిష్కారం!" అన్నాడు. భటుడు నిచ్చెన అక్కడే వదిలేసి గుంపులో కలిసిపోయాడు.

"అయితే నేనే పీకేస్తాను!"

"మేమే అయినా సరే అని సెలవిచ్చారు ప్రభూ," అన్నాడు సోమయాజులు చేతులు నలుపుకుంటూ.

"గుడ్డ కప్పండి!"

"కట్టడం అన్నదాని మీద ఏదీ కప్పరాదని మొదటి ఆజ్ఞ ప్రభూ."

రాజుగారు పళ్ళు కొరుక్కున్నారు. "మరి ఈ దిక్కుమాలిన బొమ్మ ఎప్పుడు దిగుతుందయ్యా?"

"ఇల్లు పూర్తికాగానే ప్రభూ."

"ఇల్లు ఎప్పుడు పూర్తవుతుంది?"

"పరిశీలన ముగియగానే ప్రభూ."

"పరిశీలన ఎప్పుడు ముగుస్తుంది?"

సోమయాజులు కళ్ళు మూసుకుని గాలి పీల్చాడు. ఎదురింట్లో ఎవరో గుమ్మడికాయ పులుసు పెడుతున్నారు. "తొందరపడితే తేలేది కాదు ప్రభూ," అన్నాడు.

రాజుగారు ఆశగా తిప్పనవంక చూశారు. తిప్పన బుగ్గ మామిడికాయంత ఉబ్బి ఉంది. "ఊఁ" అన్నాడు, అంతే.

వాసాల కింద ఆదెమ్మ మగ్గానికి అడ్డంగా నిలబడి ఉంది, ఒళ్ళంతా చీర మీద కప్పేసినట్టు. ఆమె బొమ్మను చూడటం లేదు, రాజునూ చూడటం లేదు. ఆకాశంకేసి చూస్తోంది.

టప్.

మొదటి చినుకు కుండ మీద పడింది. బొగ్గు మీసం ఒక పక్క కరిగి, గడ్డం మీదినుంచి పొట్టమీదికి కారింది. రెండో చినుకుకు సున్నం కన్ను ఒకటి జారింది. గుంపులో ఎవరో ఆపుకోలేక, "అయ్యో, రాజుగారు ఏడుస్తున్నారర్రా!" అన్నారు.

అంతే. ఉద్దండరాయలు ఏనుగు మీద నిలబడిపోయారు.

"కట్టండి! మొదలుపెట్టినవాళ్ళంతా పూర్తి చేసుకోండి! పరిశీలన కొత్తగా కట్టేవాళ్ళకే! ముందు ఈ ఇల్లు కప్పండి, ఇప్పుడే, ఈ క్షణమే! నా ముఖం కారిపోతోంది!"

వీధంతా ఒక్కసారి కదిలింది. ఒకళ్ళు తాళ్ళు తెచ్చారు, ఒకళ్ళు వాసాలెక్కారు. వాకిట్లో పేర్చి ఉన్న తాటాకు మోపుల్ని మావటివాడు ఏనుగు చేత ఎత్తించాడు. ఏనుగు తొండంతో పైకెత్తితే అవి నేరుగా అంబారీలో పడుతున్నాయి. అంబారీలో ఉన్నది రాజుగారు. కప్పుకు సరిగ్గా అందే ఎత్తులో ఊరంతటికీ ఉన్నది ఆయనొక్కడే.

అప్పటికి ఆదెమ్మ వాసాల మీదికెక్కేసింది. కొంగు నడుముకు దోపి, వాన కళ్ళలో పడుతుంటే, వెనక్కి చూడకుండానే చెయ్యి చాపింది.

"ఆకు మోపు దగ్గరున్నాయనా! చూస్తారేమయ్యా, ఆకు ఇటందించండి! ఈనె నా వైపు, నా వైపు! చిన్నప్పుడు ఎవరూ నేర్పలేదా?"

పల్లకీలో సోమయాజులు గుండె పట్టుకున్నాడు.

రాజుగారు ఒక తాటాకు తీశారు. ఈనె ఎటుందో చూశారు. తిప్పి అందించారు.

"ఆఁ, అలాగ. ఊఁ, ఇంకోటి!"

ఇంకోటి అందించారు. ఇంకోటి. తలపాగా పక్కన పెట్టారు, అడ్డమొస్తోందని. పుట్టి బుద్ధెరిగిన తరవాత ఆయన ఆపకుండా ఒక పని చెయ్యడం అదే మొదలు. ఆకు ఆకుకూ ముఖం వెలిగిపోతోంది. మధ్యలో ఏనుగు బొమ్మను చూసి ఉండబట్టలేక సలాము చేసింది. రాజుగారు ఆకుల మోపుతో సహా వెనక్కి పడ్డారు. పడుకునే నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు చూసి వీధి నవ్వింది. కప్పు మీద ఆదెమ్మ అప్పుడు వెనక్కి తిరిగి, ఎవరిచేత ఆకు అందించుకుందో చూసి, నాలుక కరుచుకుని, తనూ నవ్వేసింది.

వాన దంచి కొట్టింది. గుంటలోకి ఒక్క చుక్క దిగలేదు.

తిప్పన పక్కకు వెళ్ళి నోరు ఖాళీ చేసుకుని వచ్చాడు. రాజుగారు తడిసి ముద్దయి ఏనుగు దిగారు.

"దొంగవెధవా! నువ్వేమీ అడగలేదు. ఒప్పుకున్నాను. పల్లకీ నీది," అని, మెడలో ముత్యాలహారం తీసి అతని మెడలో వేశారు. "మళ్ళీ ఎప్పుడైనా నాకు బొమ్మలు పెట్టించబుద్ధయితే ఏం చేస్తావు?"

"ఇవాళ్టిలాగే ప్రభూ. ఆకు పెద్దది చుడతాను."

సోమయాజులుగారు పల్లకీ దిగారు. ఆ తరవాత జరిగింది వినండి. పల్లకీ పోయాక పరిశీలన పరుగెత్తింది. పల్లకీలో వచ్చినవాడికి విస్తరి వేస్తారు గాని, ఎండన నడిచొచ్చినవాడికి మజ్జిగ ఇచ్చి పంపిస్తారు. ఏ పేటలోనూ ఆయనకు రెండోసారి ఆగాల్సిన పని కనిపించలేదు. పరిశీలన చెడ్డదని నేననను. రంగులవాళ్ళ మురుగునీరు కుమ్మరి పేట బావిలో కలుస్తోందని ఆయన నడిచి వెళ్ళబట్టే తెలిసింది. ఆ మురుగు దారి మార్చారు. పల్లకీలో ఉన్నంతకాలం ఆ వాసన ఆయన దాకా రాలేదు మరి.

ఆదెమ్మ ఇల్లు పూర్తయి బొమ్మ దిగింది. దాన్ని పారెయ్యకుండా తన దగ్గరికి తెమ్మని రాజుగారు కబురు పెట్టారు. అద్దాల మేడలో తగిలించుకున్నారు, చెప్పుతో సహా. వచ్చినవాళ్ళందరికీ చూపించి, "పోలిక బాగానే కుదిరింది, ముక్కే కాస్త పెద్దదయింది" అనేవారట.

ఇదీ కథ. మొన్న మా పక్కింటాయన మేడ మీద గది వేస్తూ నా దగ్గరికొచ్చి, నా పుస్తకం ఒకటి కావాలన్నాడు. అట్ట గట్టిదేనా, వానకు తడుస్తుందా అని కూడా అడిగాడు. ఇంత శ్రద్ధగల పాఠకుణ్ణి నేనెన్నడూ చూడలేదు. సంతకం చేసి మరీ ఇచ్చాను. ఇప్పుడది గోడ కట్టడానికి పాతిన వాళ్ళ సారువ కర్రకు వేళ్ళాడుతోంది, అట్ట వీధివైపు, పక్కనే పాత చెప్పు. దారినపోయే ప్రతివాడూ ముందు నన్నే చూస్తున్నాడు.

నా కొత్త పుస్తకం అచ్చుకు వెళుతోంది. అట్ట మీద ఏం వెయ్యాలని ప్రెస్సువాడు అడిగాడు. ఉద్దండరాయలు ఏం నేర్చుకున్నాడో ఇంతసేపూ నేనే చెప్పాను గనక, నాకూ ఆ మాత్రం బుద్ధి వచ్చి ఉంటుందని మీరనుకుంటారు. రాలేదు. కొత్త ఫోటో తీయించుకుని పంపించాను.